కెమెరా చూస్తుంది సరే... డబ్బెవరిస్తారు?

"వదినా, మా ఇంటికి కెమెరాలు పెట్టించాం. ఇన్సూరెన్స్ వాళ్ళు ప్రీమియం తగ్గించారు తెలుసా!" అని డల్లాస్ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసిన రోజునే మా ఇంట్లో ఈ కథ మొదలైంది. పక్కనే పేపరు చదువుకుంటున్న మావారు చెవులు రిక్కించారు. తగ్గింపు అనే మాట వినబడితే చాలు, ఆయనకి గాఢనిద్రలో కూడా మెలకువ వచ్చేస్తుంది. మర్నాడు సాయంత్రానికల్లా తెనాలి బజార్లో కెమెరాలు బిగించే కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చేశారు. నాలుగు కెమెరాలు, రికార్డరు పెట్టె, హార్డ్ డిస్కు, వైర్లు, బిగింపు కూలీ అంతా కలిపి 18,000 రూపాయలు.

"ఇన్సూరెన్స్‌లో తిరిగొచ్చేస్తుందిలే" అన్నారు ధీమాగా.

"అసలు మన ఇంటికి ఇన్సూరెన్స్ ఉందా?" అన్నాను.

ఆయన నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. స్కూటరుకి ఉంది, కారుకి ఉంది. ఇద్దరి పేరా ఎల్లైసీ ఉంది. పిల్లలతో సహా ఆరోగ్య బీమా ఉంది. ఉన్నదంతా ఊడ్చి, అప్పుచేసి కట్టుకున్న ఇంటికి మాత్రం ఏమీ లేదు! మీరూ ఓసారి బీరువాలో ఫైలు తీసి చూడండి. మా సంగతే మీదీ అయితే ఆశ్చర్యపోకండి.

మేమిలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూండగానే ఎదురింటి పిన్నిగారింట్లో దొంగలు పడ్డారు. ఆవిడ రిటైరైన టీచరు. ఒక్కరే ఉంటారు. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. అమ్మ ఒంటరిగా ఉంటుందని అతను మాకంటే ముందే గుమ్మం దగ్గర ఒకటి, పెరట్లో ఒకటి కెమెరాలు పెట్టించాడు. మేనకోడలి పెళ్ళికి రాజమండ్రి వెళ్ళి మూడోరోజు పొద్దున్న వచ్చేసరికి బీరువా బార్లా తెరిచి ఉంది. పదకొండు కాసుల బంగారం, చీరల మడతల్లో దాచుకున్న 40,000 రూపాయలు పోయాయి.

వీధి వీధంతా ఆవిడ హాల్లో చేరి కెమెరా బొమ్మ చూశాం. రాత్రి ఒంటిగంట దాటాక తలకీ మొహానికీ తువ్వాలు చుట్టుకున్న మనిషి గేటు తీసుకుని వచ్చాడు. మెట్ల పక్కన మందారం కుండీ ఎత్తాడు. దాని కింద తాళంచెవి తీశాడు. చుట్టపుచూపుగా వచ్చినవాడిలా తలుపు తెరుచుకుని లోపలికెళ్ళాడు. ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ తాళం వేసి మరీ వెళ్ళిపోయాడు! బీరువా తాళాలు ఆవిడ పరుపు కింద పెట్టారట. మనందరం పెట్టే చోటే.

"కెమెరా ఉందిగా, దొరికిపోతాడు" అన్నారు అందరూ. మొహం కనబడనివాణ్ణి ఎక్కడని వెతుకుతారు? పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, రికార్డింగు తీసుకెళ్ళారు. ఇప్పటికీ జాడ లేదు.

అయినా పిన్నిగారు మరీ కుంగిపోలేదు. "ఇంటికి ఇన్సూరెన్స్ ఉందమ్మా. లోను తీసుకున్నప్పుడు బ్యాంకు వాళ్ళే చేయించారు. ఏటా కడుతూనే ఉన్నాం" అన్నారు. ఫైలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. డిగ్రీ చదివాను, నాలుగు కథలు అచ్చయ్యాయి కాబట్టి ఎలాంటి కాగితమైనా నాకు అర్థమవుతుందని మా వీధిలో ఓ నమ్మకం. ఇద్దరం కళ్ళజోళ్ళు పెట్టుకుని కూర్చున్నాం.

అగ్నిప్రమాదం ఉంది. పిడుగు, భూకంపం, తుఫాను, వరద, అల్లర్లు ఉన్నాయి. దొంగతనం కూడా కనబడింది. "ఉందమ్మా, ఉంది!" అన్నారావిడ. ఆ వాక్యం చివరిదాకా చదివేసరికి నా గొంతు నాకే వినబడలేదు. పై ప్రమాదాల్లో ఏదైనా జరిగి, దానివల్ల ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికి మాత్రమేనట! అంటే ఇల్లు కాలిపోయో మునిగిపోయో ఉండాలి, అప్పుడు దొంగ రావాలి. ఊరికే వచ్చిన దొంగకి ఆ పాలసీలో చోటు లేదు.

కంపెనీ ఆఫీసుకి కూడా వెళ్ళొచ్చాం. అక్కడి ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. "దొంగతనానికి విడిగా రక్షణ తీసుకోవాలి మేడమ్. తీసుకోలేదు" అన్నాడు. తర్వాత ఇంకో ప్రశ్న వేశాడు. "ఇంతకీ తాళం పగలగొట్టారా?"

లేదు. తాళంచెవితో తీశాడని మా కెమెరాయే సాక్ష్యం చెబుతోంది.

"అయితే ఆ పాలసీ ఉన్నా కష్టమయ్యేది" అన్నాడు.

మొదట నాకు ఒళ్ళు మండిపోయింది. వచ్చినవాడు తలుపు పగలగొట్టి వస్తేనేం, తీసుకుని వస్తేనేం, పోయిన బంగారం పోయిందేగా? తర్వాత మా బంధువుల్లో ఒక వకీలు బాబాయిగారిని అడిగితే విషయం చెప్పారు. ఇన్సూరెన్స్ కంపెనీల భాషలో 'బర్గ్లరీ' అంటే బలప్రయోగంతో, అంటే తాళమో తలుపో కిటికీ ఊచో పగలగొట్టి లోపలికి రావడం. హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ కేసులో 2004లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. పాలసీలో బలవంతంగా ప్రవేశించడం అని రాసి ఉంటే, బలప్రయోగం లేని మామూలు దొంగతనానికి కంపెనీ డబ్బు కట్టక్కర్లేదని తీర్పు. మామూలు దొంగతనానికి కూడా రక్షణ ఇచ్చే పాలసీలు ఉన్నాయి. వాటిలో 'థెఫ్ట్' అన్న మాట విడిగా ఉంటుంది. బర్గ్లరీ అని ఒక్కటే ఉందా, థెఫ్ట్ కూడా ఉందా అన్నది చూసుకోవాల్సింది మనమే. దానికి తోడు, ఇంట్లోవాళ్ళ పాత్రో పనివాళ్ళ పాత్రో ఉందని తేలితే చాలా బర్గ్లరీ పాలసీలు వర్తించవు. పరుపు కింది తాళాలతో బీరువా తెరిచినా పేచీయే.

డల్లాస్ లెక్క, తెనాలి లెక్క

ఇంతలో మావారి 18,000 సంగతి అలాగే ఉండిపోయింది. "అక్కడ తగ్గించారంటే ఇక్కడా తగ్గిస్తారు కదా" అని ఆయన పట్టు. సరే, మా ఆడపడుచుకి ఫోన్ చేసి, ఆ తగ్గింపు కాగితం ఏమిటో సరిగ్గా చదివి చెప్పమన్నాను. చదివాక తనే నాలిక్కరుచుకుంది. తగ్గింపు కెమెరాలకి కాదట! వాటితోబాటు పెట్టించిన అలారానికట.

అక్కడి పద్ధతి ఏమిటంటే, ఎవరైనా తలుపో కిటికీయో బద్దలుకొడితే ఆ అలారం ఇంట్లో మోగి ఊరుకోదు. ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉండే ఒక కేంద్రానికి కబురు వెళుతుంది. వాళ్ళు ఇంటివాళ్ళకి ఫోన్ చేసి, అవసరమైతే పోలీసులకి చెబుతారు. దొంగతనం మధ్యలోనే ఆగిపోవచ్చు కాబట్టి దానికి ఇన్సూరెన్స్ కంపెనీ విలువ కడుతుంది. ఉత్త కెమెరా అయితే జరిగింది చూపిస్తుందంతే, మన పిన్నిగారింట్లో చూపించినట్టు. అందుకని కెమెరా ఒక్కదానికీ చాలా కంపెనీలు ఇచ్చేది కొద్దే, కొన్ని అసలు ఇవ్వవు. గట్టి గడియ తాళం, పొగని పసిగట్టే యంత్రం, దొంగల అలారం ఉంటే సాధారణంగా కనీసం 5 శాతం తగ్గిస్తారనీ, నీళ్ళు చిమ్మే యంత్రాలతోబాటు నేరుగా కేంద్రానికి మోగే అలారం కూడా ఉంటే కొన్ని కంపెనీలు 15, 20 శాతం దాకా తగ్గిస్తాయనీ అక్కడి ఇన్సూరెన్స్ సమాచార సంస్థ చెబుతుంది.

లెక్క వేసి చూడండి. ఏడాది ప్రీమియం 3,000 డాలర్లనుకుందాం. 5 శాతం అంటే 150 డాలర్లు మిగిలాయి. అలారం కేంద్రానికి నెలకి 20 డాలర్లు కడితే ఏడాదికి 240. మిగిలిందెక్కడ? "మీ అన్నయ్యకి మాత్రం చెప్పకు వదినా" అంది మా ఆడపడుచు. ఎవరి అన్నయ్యకో!

కానీ ఒకటి. అక్కడ ఇంటిమీద అప్పు ఇచ్చేవాళ్ళు ఇన్సూరెన్స్ లేకుండా ఒప్పుకోరు. పైగా టెక్సాస్‌లో వడగళ్ళు, సుడిగాలులు ఇంటి కప్పులు లేపేస్తూంటాయి కాబట్టి ప్రీమియమే బోలెడు. బోలెడు కట్టేవాళ్ళకి నూటికి ఐదు తగ్గినా కంటికి కనబడుతుంది. మన సంగతి వేరు.

మేం పిన్నిగారి గొడవ చూశాక ఇంటికి పాలసీ చేయిద్దామని కంపెనీలో అడిగాం. 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో 'భారత్ గృహ రక్ష' అని ఒకే మాదిరి నిబంధనలతో ఇంటి పాలసీ వచ్చింది. ఏ కంపెనీలో కొన్నా ప్రధానమైన షరతులు అవే. ఇందులో మనవాళ్ళు తరచు పొరబడేది ఇంటి విలువ దగ్గర. మా ఆయనా అంతే. "ఈ వీధిలో ఇల్లు 80 లక్షలు పలుకుతోంది, దానికి చేయండి" అన్నారు. కానీ స్థలాన్ని ఎవరూ ఎత్తుకుపోరు, అది కాలిపోదు. కాబట్టి స్థలం ధర ఇందులో రాదు. మళ్ళీ అలాంటి ఇల్లు కట్టాలంటే ఎంతవుతుందో అదే లెక్క. మాది 25 లక్షలని తేలింది. దానికి ఏడాదికి మాకు చెప్పిన ప్రీమియం పన్నుతో కలిపి వెయ్యి రూపాయల లోపే! పండక్కి కొనే ఒక చీర ధర కూడా కాదు. సామాన్లకి ఇంటి విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా దాంట్లోనే కలిసి వస్తుంది. ఎక్కువ కావాలంటే వివరాలిచ్చి పెంచుకోవచ్చు. నగలు మాత్రం ఆ సామాన్లలో లెక్కకి రావు. వాటిని అడిగి విడిగా చేర్పించుకోవాలి. బీరువాలో నగదుకి ఎలాగూ దిక్కులేదు.

నగలూ, దొంగతనం రక్షణా కలిపేసరికి ప్రీమియం 4,000 రూపాయలకి దగ్గరపడింది. మావారు గొంతు సవరించుకుని కెమెరాల ప్రస్తావన తెచ్చారు. "మా దగ్గర కెమెరాలకి విడిగా తగ్గింపు లేదండీ. కొన్ని కంపెనీలు దొంగతనం భాగంలో కాస్త తగ్గిస్తాయి. అడిగి చూడండి" అన్నాడు ఆఫీసరు. మొత్తం మీద 5 శాతం తగ్గించారనే అనుకున్నా ఏడాదికి 200 రూపాయలు. 18,000 రాబట్టాలంటే తొంభై ఏళ్ళు. మా ఆయన దీర్ఘాయుష్మంతులు కావాలనే నా కోరిక, అయినా ఇది కాస్త ఎక్కువే.

తగ్గింపు ఇచ్చే కంపెనీ దొరికినా ఓ మెలిక ఉంది. కెమెరాలున్నాయని రాసిచ్చి తగ్గింపు తీసుకుంటే అవి పనిచేసేలా చూసుకోవడం మన బాధ్యతవుతుంది. వైరు ఎలుక కొట్టేసి ఆర్నెల్లయిన సంగతి మనకి తెలియక, దొంగతనం జరిగాక వాళ్ళకి తెలిస్తే మాటా మాటా వస్తుంది.

నీళ్ళు వచ్చినప్పుడు ఏ కెమెరా కాస్తుంది?

దొంగల భయంతోనే మనం ఇన్సూరెన్స్ గురించి ఆలోచిస్తాం. మా చెల్లెలు విజయవాడ సింగ్ నగర్‌లో ఉంటుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు పిల్లల్ని ఎత్తుకుని మేడమీదికి పరిగెత్తి, మర్నాడు పడవలో బయటపడ్డారు. వారం తర్వాత వెళ్ళి చూస్తే ఫ్రిజ్ నడుం విరిగి బోర్లా పడి ఉంది. వాషింగ్ మెషీన్, మంచాలు, మిక్సీ, పిల్లల పుస్తకాలు అన్నీ బురదే. అదీకాక రెండు గ్యాస్ సిలిండర్లు, ఇత్తడి బిందెలు మాయం. తలుపు వరదకే ఊడిపోయింది, ఇంకెవరు పగలగొట్టాలి?

పిన్నిగారిని అంత ఏడిపించిన ఆ 'ఏడు రోజుల' వాక్యం సరిగ్గా మా చెల్లెలి లాంటి వాళ్ళ కోసమే రాశారని నాకు అప్పుడు తట్టింది. వరద వచ్చిన ఏడు రోజుల్లోపు పోయిన ఆ సిలిండర్లకీ బిందెలకీ కూడా పరిహారం అడగవచ్చు. వాళ్ళకి పాలసీ లేదు. వెయ్యి రూపాయల సంగతి అని తెలిస్తే కట్టుకునేవాళ్ళం కదక్కా అంది. దానికి నేనేం చెప్పను? నాకు మాత్రం తెలుసా?

అమెరికాలో కాన్పులకి వెళ్ళే అమ్మలకి ప్రత్యేకంగా ఒక మాట. మన పక్క ఊళ్ళలో ఏ వీధిలో చూసినా ఒకరిద్దరు కూతురి పురుడికో, కోడలి పురుడికో ఆర్నెల్లు ఇల్లు తాళం వేసి వెళ్తున్నారు. ఇల్లు వరసగా 30 రోజులకి మించి ఖాళీగా ఉంటే దొంగతనం రక్షణ పనిచేయదనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. ప్రయాణానికి ముందే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, ఒప్పుకున్నట్టు జవాబు తీసుకోండి. పచ్చళ్ళ డబ్బాలు, జంతికలు సర్దుకునే హడావిడిలో ఈ ఒక్క ఉత్తరం మర్చిపోకండి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు తాళం వేసిన ఇళ్ళ కోసం ఎల్.హెచ్.ఎం.ఎస్. అనే పద్ధతి తెచ్చారు. ఊరెళ్తున్నామని చెబితే వాళ్ళే ఇంట్లో కెమెరా పెట్టి, లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూముకి కబురు అందేలా చేస్తారు. డబ్బు తీసుకోరు. మీ ఊళ్ళో నడుస్తోందో లేదో స్టేషన్లో అడిగి తెలుసుకోండి.

అయితే కెమెరాలు దండగా అంటారా? నేనలా అనను. ఇంట్లో ఒక్కర్తినే ఉన్నప్పుడు బెల్లు మోగితే తలుపు తీయకుండా ఎవరో చూసుకోగలగడం నాకెంతో ధైర్యంగా ఉంది. కానీ పెట్టించాక చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మా రికార్డరులో తారీకు, టైము తప్పు. నెల రోజులు ఎవరం గమనించలేదు. పోలీసుల ముందు అలాంటి రికార్డింగు పెడితే ఏం లాభం? హార్డ్ డిస్కు నిండగానే పాత బొమ్మలు చెరిగిపోయి కొత్తవి ఎక్కుతాయి, కాబట్టి ఏదైనా జరిగితే ఆరోజే కాపీ తీయించాలి. కోర్టు దాకా వెళితే ఆ కాపీకి ఒక సర్టిఫికెట్ జతచేయాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం అది తప్పనిసరి. రికార్డరు పెట్టె టీవీ పక్కన పెడితే దొంగ దాన్నే చంకన పెట్టుకుపోతాడు. ఎక్కడైనా మరుగున ఉంచండి. బిగించిన కుర్రాడు పెట్టిన పాస్‌వర్డు ఆ సాయంత్రమే మార్చేయండి. కెమెరా ఒకటి గుమ్మానికి ఎత్తున కాకుండా మనిషి మొహం పడే ఎత్తులో పెట్టించండి. పిన్నిగారి కెమెరాకి ఆ దొంగ నడినెత్తి తప్ప ఇంకేం కనబడలేదు.

ఇంకో సంగతి ఆడవాళ్ళం మనలో మనం చెప్పుకోవాలి. మావారు హాల్లో కూడా ఒకటి పెట్టిస్తానంటే నేను ససేమిరా అన్నాను. నాకు తెలిసిన ఒకింట్లో కోడలు ఎన్నింటికి లేచింది, పనమ్మాయి ఎన్నిసార్లు కూర్చుంది అని ఇంకో దేశంలో కూర్చుని ఫోన్లో చూస్తూంటారు. దొంగ కోసం పెట్టిన కన్ను ఇంట్లో ఆడవాళ్ళ మీద పడితే అది రక్షణ ఎలా అవుతుంది? మా కెమెరాలు నాలుగూ బయటికే చూస్తాయి.

ఇక నగలు. కెమెరాల మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు నగల కాగితాల మీద పెట్టి ఉంటే బాగుండేదని పాలసీ రాయించేటప్పుడు తెలిసింది. ఏ నగ ఎంత తూగుతుందో మనకి నోటికి వచ్చుగానీ, కాగితం మీద ఒక్కటీ ఉండదు. అమ్మ పెట్టిన కాసుల పేరుకి బిల్లెక్కడిది? మొత్తం నగల విలువ 5 లక్షలు దాటకుండా, ఏ ఒక్క నగా లక్ష దాటకుండా ఉంటే భారత్ గృహ రక్షలో విలువకట్టిన సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ ఇప్పటి ధరల్లో ఒక్క గొలుసే లక్ష దాటేస్తోంది. అందుకని నమ్మకస్తుడైన విలువదారు దగ్గరికి వెళ్ళి తూకం, విలువ రాయించుకున్నాను. కొత్తగా కొన్నవాటి మీద ఆరక్షరాల హాల్‌మార్కు నంబరుంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్కు నగలు అమ్మకూడదు. ఆ నంబర్లు, ఫోటోలు ఒక నోటుబుక్కులో ఎక్కించి, ఒక కాపీ మా అమ్మ దగ్గర ఉంచాను. "నావన్నీ లాకర్లో ఉన్నాయి, నాకెందుకు?" అంటారా? లాకర్లోవి పోతే బ్యాంకు ఎంతిస్తుందో తెలుసా? నిప్పో, దొంగతనమో, బ్యాంకు ఉద్యోగి మోసమో అయితే ఏడాది అద్దెకి నూరు రెట్ల దాకా, అంతే. 2022 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన అది. 2,000 అద్దె కట్టేవాళ్ళకి 2 లక్షలన్నమాట.

దొంగతనం జరిగితే ముందు పోలీసులకి, అదేరోజు ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు దాచాలి. సర్వేయరు వచ్చి చూసేదాకా పగిలిన తాళం, విరిగిన గడియ పారేయకండి, గుమ్మం శుభ్రం చేయకండి. ఏళ్ళ అలవాటు కదా, ముందు చీపురే చేతికొస్తుంది. కంపెనీ కాదంటే దానికే ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలో న్యాయం జరక్కపోతే హైదరాబాదులో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. ఖర్చేం లేదు, వకీలు అక్కర్లేదు.

పిన్నిగారికి అంబుడ్స్‌మన్ వల్ల కూడా ఉపయోగం లేదు. లేని రక్షణని ఎవరు ఇప్పిస్తారు? ఆవిడ ఈ ఏడాది థెఫ్ట్ కూడా కలిపి కొత్త పాలసీ చేయిస్తున్నారు. చెవులకి పెట్టుకుపోయిన దుద్దులు, చేతికున్న రెండు గాజులు తప్ప చేర్చడానికి నగలేం మిగల్లేదు. అవే చేర్పించమన్నారు. కాగితాలు వచ్చాయట, రేపు ఆదివారం తెచ్చి చూపిస్తానన్నారు. తాళంచెవి ఇప్పుడు మా ఇంట్లో ఉంటోంది.